ఇల్లు మీది, లెక్క ఇద్దరిది

ఈ దృశ్యం ఒకసారి ఊహించుకోండి.

గుణదలలో కొండవైపు వెళ్లే సందులో ఒక కొత్త ఇల్లు. 150 గజాల స్థలం, కిందా పైనా రెండు పోర్షన్లు. గడపకు పసుపు రాశారు. ఎల్లుండి తెల్లవారుజామున గృహప్రవేశం. పాలు పొంగించడానికి కొత్త ఇత్తడి గిన్నె కొన్నారు, పురోహితుడికి చెప్పారు, హైదరాబాదు నుంచి ఆడపడుచు దిగింది. ఇల్లు కడిగించుకుందామని సాయంత్రం ఇంటాయన వెళితే తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశారు.

"నాకు రావాల్సిన 3,74,000 ఇచ్చేయండి సార్, తాళంచెవి మీ ఇంటికే పంపిస్తాను."

"అదేంటయ్యా? 2,000 అడుగులు, అడుగుకు 1,700. మొత్తం 34 లక్షలూ ఇచ్చేశానుగా!"

"2,000 ఎక్కడిదండీ? బాల్కనీలు, పోర్టికో, మేడమీద మెట్లగది కలిపితే 2,220. ఆ 220 అడుగులు ఎవరిస్తారు?"

వీళ్లలో అబద్ధం ఆడుతున్నది ఎవరు? నిజానికి ఇద్దరూ కాదు. ఎవరి లెక్క వాళ్ల తలలో సరిగ్గానే ఉంది. రెండు లెక్కలూ కలిసి కూర్చున్న కాగితం మాత్రం ఎక్కడా లేదు. ఆ లేని కాగితం ఖరీదే ఇప్పుడు 3,74,000.

మీరు ఇల్లు కట్టబోతున్నారా? సగంలో ఉన్నారా? పూర్తయ్యాక గొడవలో పడ్డారా? ఎక్కడున్నా ఈ అధ్యాయం మీ కోసమే. మీ ఇంటి మీద ఎవరికి ఏ హక్కు ఉంటుందో, ఎప్పుడు ఎవరికి ఏ నోటీసు ఇవ్వాలో తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. మిగతా సగం ఒక నోటు పుస్తకంతో పోతుంది.

ఆ తాళం వేసే హక్కు అతనికి ఉందా?

లేదు. ఎందుకు లేదో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

సింహద్వారం కోసం మీరు టేకు చెక్క కొని వడ్రంగి షెడ్డులో దింపారు. అతను చెక్కి, పాలిష్ పెట్టి తలుపు సిద్ధం చేశాడు. మీరు కూలి ఇవ్వలేదు. ఆ తలుపు తన దగ్గర ఉంచుకునే హక్కు అతనికి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 170 ఇచ్చిన హక్కు అది. దీన్నే లీన్ అంటారు. పనిచేయమని మీరు చేతికిచ్చిన వస్తువును, ఆ పనికి కూలి ముట్టేదాకా అట్టిపెట్టుకునే హక్కు అన్నమాట.

అదే తలుపును తెచ్చి మీ గుమ్మానికి బిగించేశాడనుకోండి. వస్తువు అతని చేయి దాటిపోయింది, లీన్ కూడా పోయింది. ఇక గోడ, శ్లాబు, మెట్లు చేతికిచ్చే వస్తువులే కావు. మీ స్థలంలోకి అతను వచ్చింది పని చేయడానికి మీరిచ్చిన అనుమతితో. అందుకని "డబ్బు ముట్టేదాకా ఇల్లు నాది" అనే హక్కు మన చట్టం కాంట్రాక్టర్‌కి ఇవ్వలేదు. మీరే రాసిచ్చి ఉంటే తప్ప.

మరి సిమెంటు, ఇనుము షాపుల సంగతి? కాంట్రాక్టర్ అరువు తెచ్చి ఎగ్గొడితే షాపాయన వచ్చి మీ సైటులో ఊచలు ఎత్తుకెళ్లవచ్చా? అదీ కుదరదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, డబ్బు ముట్టని దుకాణదారుకి సరుకు తన దగ్గర ఉన్నంతవరకే లీన్. ట్రాలీ దించేసి వెళ్లాక ఆయనకు మిగిలింది బాకీ వసూలు చేసుకునే దారి మాత్రమే.

ఇక్కడ మీకూ ఒక హెచ్చరిక. కాంట్రాక్టర్ తెచ్చిన సెంట్రింగ్ రేకులు, జాకీలు, మిల్లరు మీ సైటులో ఉన్నాయి. "పని పూర్తిచేసేదాకా ఇవి కదలవు" అని గేటుకి తాళం వేశారనుకోండి. అతను చేసిన తప్పే మీరూ చేసినట్టు. అతని సామాను మీద మీకూ లీన్ లేదు.

అయితే కాంట్రాక్టర్ చేతిలో ఏమీ లేదని కాదు. పని పూర్తయిన నాటి నుంచి 3 ఏళ్లలోపు డబ్బు కోసం సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. తీర్పును ఎగ్గొట్టడానికే మీరు ఇల్లు అమ్మేస్తున్నారని చూపించగలిగితే తీర్పుకు ముందే జప్తు అడగవచ్చు. కాకపోతే మామూలు బాకీని ఇంటి మీద తాకట్టులా మార్చుకోవడానికి ఈ జప్తును వాడుకోకూడదని సుప్రీంకోర్టు 2007లో రామన్ టెక్ కేసులో స్పష్టంగా చెప్పింది.

తేలిందేమిటి? ఇంటి మీద అతనికి పట్టు లేదు, అతని సామాను మీద మీకు పట్టు లేదు. ఇద్దరికీ ఉన్నది రాత ఒక్కటే. ఎవరు వేళకు రాసుకున్నారో, వేళకు తెలియజేశారో వారి మాటే రేపు నిలబడుతుంది.

"నోటీసా? నాకు నోటీసు ఇస్తావా!"

మన వైపు నోటీసు అనగానే మొహాలు మాడిపోతాయి. మాటలు ఆగిపోతాయి. అందుకే చాలామంది చివరిదాకా మొహమాటపడి, చివర్లో ఒకేసారి లాయర్ నోటీసు పంపుతారు. అప్పటికి ఇద్దరి మనసులూ విరిగిపోయి ఉంటాయి.

నోటీసు అంటే తేదీ వేసి చెప్పిన మాట. అంతే. "రేపు శ్లాబు వేస్తున్నాం, మీరు రావాలి" అని కాంట్రాక్టర్ పెట్టే వాట్సాప్ మెసేజ్ ఒక నోటీసు. "వెనక గోడ చెమ్మ పట్టింది, వచ్చి చూడండి" అని మీరు పంపే ఫోటో ఒక నోటీసు. చిన్న నోటీసులు ఎప్పటికప్పుడు నడుస్తుంటే పెద్ద నోటీసు అవసరమే పడదు. పనిలో దిగిన రోజే ఈ మాట అతనికి చెప్పండి: "మేస్త్రి గారూ, నేను ప్రతిదీ రాసి పంపుతుంటాను. మీరూ పంపండి. ఇందులో అనుమానం ఏమీ లేదు, ఇద్దరికీ మంచిది." మంచి మేస్త్రి ఎవరూ దీన్ని కాదనరు. ఎందుకంటే రావాల్సిన బాకీలు రాక నష్టపోయిన మేస్త్రులూ తక్కువేం కాదు.

ఏడు అడుగులు

1. కొలత ముందు, రేటు తర్వాత

ఇల్లు కట్టే ప్రతివాళ్లూ మొదట అడిగేది "అడుగుకు ఎంత?" అనే. మీరు ఇంకో ప్రశ్నతో మొదలుపెట్టండి: "ఏది అడుగు?" శ్లాబు బయటి అంచు నుంచి అంచుకా, గోడ లోపలి నుంచా? బాల్కనీ మొత్తమా, సగమా? పోర్టికో, మెట్లగది, సన్‌షేడు, పిట్టగోడ, నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ రేటులోనేనా, విడిగానా? ఒక్కొక్కదాని పక్కన "కలిపి" లేదా "విడిగా" అని రాయండి. పది నిమిషాల పని. మొదట చెప్పిన ఇంట్లో ఈ పది నిమిషాలు ఖర్చుపెట్టి ఉంటే 220 అడుగుల తగువు పుట్టేదే కాదు.

2. ఒప్పందం పొడుగు కాదు, స్పష్టత ముఖ్యం

స్టాంపు కాగితం మీద రాసుకుంటే రేపు కోర్టులో చిక్కు తగ్గుతుంది. కానీ స్టాంపు కన్నా అందులోని మాటలు విలువైనవి. ఇవి తప్పక ఉండాలి:

– లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా? సహా అయితే సిమెంటు, ఇనుము, వైరు, పైపుల బ్రాండ్లు.
– ఏ దశకు ఎంత: పునాది, ప్లింత్ బీము, లింటెల్, శ్లాబు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు, రంగులు.
– ఎక్స్‌ట్రా పని ఏదైనా, ఖరీదు రాసి ఇద్దరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి.
– మెటీరియల్ షాపుల బాకీలు, కూలీల జీతాలు ఎవరివి?
– పూర్తయ్యే తేదీ. ఆలస్యమైతే రోజుకు ఎంత?
– చివరి 5 శాతం ఎప్పుడు? ఒక వానాకాలం దాటాక అని పెట్టుకోండి. చెమ్మ, కారుడు బయటపడేది అప్పుడే కదా.
– డబ్బు తగాదా ఉన్నా తాళంచెవులు ఆపకూడదు, సామాను ఆపకూడదు. ఇద్దరికీ వర్తించే వాక్యం.
– నోటీసులు ఏ చిరునామాకు, ఏ వాట్సాప్ నంబరుకు పంపితే చెల్లుతాయి.

ఆలస్యానికి రాసుకున్న మొత్తం గురించి ఒక్క మాట. "రోజుకు 10,000" అని రాసుకున్నా కోర్టు దాన్ని పైహద్దుగానే చూస్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద న్యాయమనిపించినంతే ఇప్పిస్తుంది. కాబట్టి బెదిరించే అంకె వద్దు. మీరు కట్టే అద్దెను లెక్కేసి నిజమైన అంకె రాయండి.

3. దశ దశకూ కలిసి కొలవండి

శ్లాబు వేశాక టేపు పట్టుకుని ఇద్దరూ మేడ ఎక్కండి. ఒక చివర మీరు, ఒక చివర ఆయన. పొడవు, వెడల్పు 200 పేజీల నోటు పుస్తకంలో రాసి, కింద ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి అక్కడే వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకోండి. కొలత మీద తగువు రావాల్సి ఉంటే ఆ రోజే రానివ్వండి. శ్లాబు రోజున వచ్చిన తగువు టీ తాగేలోపు తెగిపోతుంది. గృహప్రవేశం ముందు వచ్చిన తగువు కుటుంబాల్ని కలవరపెడుతుంది.

బ్యాంకు లోను ఉంటే బ్యాంకు ఇంజినీరు కూడా దశలవారీగా చూసి డబ్బు విడుదల చేస్తాడు. మీ దశలు బ్యాంకు దశలకు సరిపోయేలా పెట్టుకోండి. లేదంటే శ్లాబు డబ్బు కాంట్రాక్టర్‌కి ఈ నెల కావాలి, బ్యాంకు ఇచ్చేది వచ్చే నెల. ఆ నెల రోజుల్లోనే పని ఆగిపోతుంది, మాటలు పెరుగుతాయి.

4. డబ్బు ఇచ్చే ముందు షాపు రసీదు

అమెరికాలో ఒక పద్ధతి ఉంది. దశ డబ్బు తీసుకునేటప్పుడు కాంట్రాక్టర్, అతని కింద పనిచేసినవాళ్లు, సరుకు ఇచ్చినవాళ్లు "మాకు ముట్టింది, ఇంటి మీద లీన్ వదులుకున్నాం" అని కాగితం ఇస్తారు. మనకు లీన్ లేకపోయినా ఆ అలవాటు మంచిదే. మెటీరియల్‌తో సహా ఒప్పందమైతే, తర్వాతి దశ డబ్బు ఇచ్చే ముందు సిమెంటు షాపు, ఇనుము షాపు రసీదులు చూపమనండి. అతను షాపులకు కడుతున్నాడా లేదా అన్నది మీకు ముందే తెలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది ఒక మాటతో దొరికిపోతారు. ఇనుము షాపాయన ఫోన్ చేసి "మీ కాంట్రాక్టర్ 2 లక్షలు బాకీ ఉన్నాడండీ, సరుకు ఆపేస్తున్నాను" అంటాడు. శ్లాబు ఆగిపోతుందన్న కంగారులో మీరు "పర్లేదండీ, పంపండి, నేనున్నానుగా" అంటారు. ఆ మాట జామీను కావచ్చు. మన కాంట్రాక్టు చట్టం సెక్షన్ 126 ప్రకారం జామీను నోటితో చెప్పినా చెల్లుతుంది. మీకు ఆ ఉద్దేశం లేకపోతే ఇలా చెప్పండి: "ఆ లెక్క మీకూ ఆయనకూ మధ్యదండీ. ఈ ట్రిప్పు వరకు నేనే డబ్బు కట్టి తీసుకుంటాను, నా పేరు మీద బిల్లు ఇవ్వండి." ఆ బిల్లు మొత్తాన్ని కాంట్రాక్టర్ లెక్కలో తగ్గించి, అదే రోజు అతనికి మెసేజ్ పెట్టండి.

5. ఖాళీ చెక్కు ఇవ్వకండి

"నమ్మకం కోసం సంతకం పెట్టి ఒక చెక్కు ఉంచండి సార్" అని అడిగితే నవ్వుతూనే కాదనండి. సంతకం చేసిన ఖాళీ చెక్కును అవతలివాళ్లు నింపుకున్నా, అది బాకీ తీర్చడానికి ఇచ్చిందేనన్న ఊహ చట్టంలో ఉందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని నిరూపించుకునే బరువు మీ మీదే పడుతుంది.

చెక్కు విషయంలో మాత్రం నోటీసు తప్పనిసరి, గడువులు కచ్చితం. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టే అవకాశం ఇవ్వాలి. ఆ 15 రోజులూ గడిచాక నెలలోపు కేసు వేయాలి. అడ్వాన్సు వెనక్కి ఇస్తానని కాంట్రాక్టర్ మీకిచ్చిన చెక్కు తిరిగొస్తే మీకూ ఇవే గడువులు. ఆ రోజే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

6. నోటీసు మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కండి

సమస్య రాగానే లాయర్ దగ్గరికి పరుగెత్తవద్దు. అలాగని ఏడాది ఊరుకోవద్దు.

మొదటి మెట్టు: ఫోటోతో మెసేజ్. లోపం ఏమిటి, ఎక్కడ, ఎప్పటిలోగా చేయాలి.
రెండో మెట్టు: వారం చూసి, మీ పేరుతో ఉత్తరం.
మూడో మెట్టు: అప్పటికీ కదలకపోతే లాయర్ నోటీసు.
నాలుగో మెట్టు: వినియోగదారుల కమిషన్ లేదా సివిల్ కోర్టు.

రెండో మెట్టులో రాసే ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"శ్రీ … గారికి, నమస్కారం. మనం … తేదీన రాసుకున్న ఒప్పందం ప్రకారం గుణదలలోని మా ఇంటి పని … నాటికి పూర్తికావాలి. ఈ రోజుకి మిగిలినవి మూడు: మేడమీద వాటర్‌ప్రూఫింగ్, వెనక బాత్‌రూము గోడ చెమ్మ, మెట్ల రెయిలింగ్. నేను ఇప్పటిదాకా మీకు ఇచ్చింది రూ. …, తేదీలవారీ వివరం జతచేశాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో పనులు పూర్తిచేయగలరు. … ఆదివారం ఉదయం 10 గంటలకు ఇద్దరం కలిసి కొలతలు వేసుకుందాం. మీకు రావలసింది ఏదైనా తేలితే ఆ రోజే ఇస్తాను. మీరు రాకపోతే ఇంజినీరుతో కొలిపించి, మిగిలిన పని వేరేవాళ్లతో చేయించి, ఆ ఖర్చు మీ లెక్కలో వేయవలసివస్తుంది."

చూడండి, ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు. అడిగింది ఉంది, ఇస్తానన్నది ఉంది, గడువు ఉంది. రేపు జడ్జి చదివినా, కాంట్రాక్టర్ భార్య చదివినా తలెత్తుకునేలా రాయండి.

తపాలా శాఖ 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. రసీదు, ట్రాకింగ్ పేజీ దాచండి. సరైన చిరునామాకు పంపిన ఉత్తరాన్ని తీసుకోకుండా తిప్పిపంపినా, మామూలుగా అందినట్టే లెక్క. వాట్సాప్ సంభాషణలు చెరిపేయవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికేట్‌తో వాటిని సాక్ష్యంగా పెట్టవచ్చు.

7. ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసుకోండి

ఇల్లు కట్టిపెట్టడం కూడా సేవే. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో గృహనిర్మాణం అన్న మాట నేరుగానే ఉంది. మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. 34 లక్షల ఇంటికి ఫీజు 1,000 రూపాయలే. మీరు నివసించే ఊళ్లోనే వేయవచ్చు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. గడువు మాత్రం 2 ఏళ్లు. దారి తెలియకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ను అడగండి.

మీ స్థలాన్ని బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చి ఫ్లాట్లు పంచుకున్నారా? మీరూ వినియోగదారులేనని 2008లో ఫకీర్‌చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫ్లాటు కొన్నవాళ్లకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉంది. అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన సందుల్లో లేచే చిన్న అపార్టుమెంట్లు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. కొనేముందే అడగండి.

రాజీ కుదిరేలా ఉంటే లోక్ అదాలత్ అన్నిటికన్నా మేలు. కేసు వేయకముందే కూడా వెళ్లవచ్చు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. న్యాయసహాయం కోసం 15100కు ఫోన్ చేయండి.

నోటీసు మీకే వస్తే?

పోస్ట్‌మన్ కవరు తెచ్చాడు. గుండె దడదడలాడింది. ఏం చేయాలి?

తీసుకోండి. తిప్పిపంపడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. అందిన తేదీ కవరు మీదే రాయండి. ఆ రాత్రి కోపంతో ఫోన్ చేయకండి. మరునాడు నోటు పుస్తకం తీసి మూడు గడులు గీయండి: అతను అడిగింది, నేను ఒప్పుకునేది, కాదనేది. ఒప్పుకునే భాగం ఉంటే దాన్ని వెంటనే ఇచ్చేయండి, రసీదు తీసుకోండి. ఇది ముఖ్యం. 20,000 కోసం తగువున్నప్పుడు, తగువు లేని లక్ష కూడా ఆపేస్తే మీ నిజాయితీ మీదే నీడ పడుతుంది. ఆ లక్షలో వారానికోసారి జీతం చూసుకునే కూలీల డబ్బు కూడా ఉంటుంది.

నోటీసులో రాసిన గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. జవాబులో "మీకు బాకీ ఉన్నాను, తర్వాత చూద్దాం" లాంటి మాట తొందరపడి రాయకండి. దావాకు ఉన్న 3 ఏళ్ల గడువు తీరకముందు సంతకంతో బాకీ ఒప్పుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నిజంగా బాకీ ఉంటే తీర్చండి. లేకపోతే లేదనే రాయండి.

తాళం వేశారా? మీరే సుత్తి పట్టుకుని పగలగొట్టకండి. ఫోటో తీయండి, తాళం తీయమని అప్పటికప్పుడు మెసేజ్ పెట్టండి, లాయర్‌ను కలవండి. బెదిరింపు ఉంటే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అదే మెసేజ్‌లో "ఫలానా రోజు కొలుద్దాం" అని దారి కూడా చూపండి.

తరచూ చేసే పొరపాట్లు

– ముహూర్తం దగ్గరపడ్డాక లెక్క తేల్చుకోవడం. గృహప్రవేశానికి 21 రోజుల ముందే చివరి కొలత పెట్టుకోండి.
– బావమరిదికో, ఊరివాడికో ఇచ్చాం కదా అని ఏమీ రాసుకోకపోవడం. దగ్గరవాళ్లతోనే ముందు రాసుకోవాలి. పోయేది డబ్బొక్కటే అయితే పర్వాలేదు, బంధుత్వమూ పోతుంది.
– నగదు ఇచ్చి రసీదు అడగకపోవడం. చెక్కు, యూపీఐ, బ్యాంకు బదిలీ వాడండి. ఏ దశ డబ్బో అందులోనే రాయండి.
– "ఇంకో రెండు షెల్ఫులు పెట్టు, ఆ కిటికీ పెద్దది చెయ్యి" అని నోటితో చెప్పేయడం. మీరు మరిచిపోతారు, అతను మరిచిపోడు.
– కట్టిన ఇల్లు కొనేటప్పుడు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికేట్) చూసి నిశ్చింతగా ఉండటం. రిజిస్టరైన తాకట్టు ఈసీలో కనిపిస్తుంది. కాంట్రాక్టర్‌కి ఇవ్వాల్సిన బాకీ కనిపించదు. బ్యాంకు లోను, కోర్టు కేసులు, కట్టినవాళ్ల బాకీలు అమ్మేవాళ్లను విడిగా అడిగి రాయించుకోండి.

మీ అమ్మాయో అబ్బాయో అమెరికాలో ఇల్లు బాగుచేయించుకుంటుంటే

మన విజయవాడ ఇళ్లల్లో ఇది మామూలు మాటే కదా. వాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి. అక్కడ సంగతి పూర్తిగా వేరు. కొత్త రాజధాని వాషింగ్టన్ కట్టడానికి పనివాళ్లను రప్పించాలని 1791లో మేరీలాండ్ రాష్ట్రం, కట్టినవాడికి ఆ కట్టడం మీదే లీన్ ఇచ్చింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఆ దారే పట్టాయి.

కాలిఫోర్నియాలో ప్రధాన కాంట్రాక్టర్‌కి మొత్తం డబ్బు ఇచ్చేసినా, అతను టైల్స్ షాపుకి కట్టకపోతే ఆ షాపు మీ పిల్లల ఇంటి మీద లీన్ నమోదు చేయగలదు. అంటే ఒకే పనికి రెండుసార్లు కట్టాల్సిన పరిస్థితి. దీనికి ముందు సూచనగా, నేరుగా ఒప్పందం లేని షాపులు, సబ్ కాంట్రాక్టర్లు తమ సరఫరా లేదా పని మొదలైన 20 రోజుల్లో ఒక ముందస్తు నోటీసు పంపుతారు. దాన్ని ప్రకటన కాగితం అనుకుని పారేయవద్దని చెప్పండి. ఎవరెవరికి డబ్బు ముట్టాలో చెప్పే జాబితా అదే. అక్కడ ఇంటి మరమ్మతు ఒప్పందానికి అడ్వాన్సు 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే. టెక్సస్‌లో సొంతంగా ఉంటున్న ఇంటి మీద లీన్ చెల్లాలంటే పని మొదలవకముందే రాసుకున్న ఒప్పందం ఉండాలి, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టి ఉండాలి.

చివరి కాగితం

మళ్లీ ఆ గుణదల ఇంటికి వెళదాం. అదే ఇల్లు, అదే మేస్త్రి. ఈసారి మొదటి రోజే "బాల్కనీ సగం, పోర్టికో సగం, మెట్లగది పూర్తి" అని రాసుకున్నారనుకోండి. ముహూర్తానికి 21 రోజుల ముందు ఆదివారం టేపు పట్టారు. 2,000కి పైన 130 అడుగులు తేలాయి. 2,21,000. ఇంటాయన అనుకున్నదానికన్నా ఎక్కువే. మేస్త్రి అనుకున్నదానికన్నా తక్కువే. కానీ ఇద్దరూ టేపు చూశారు, ఇద్దరూ సంతకం పెట్టారు.

మన దగ్గర గృహప్రవేశం రోజు మేస్త్రికి కొత్త బట్టలు పెట్టే ఆచారం ఉంది. ఇల్లు నిలబెట్టిన చేతులకు చేసే మర్యాద అది. పళ్లెంలో ఆ బట్టలు, తాంబూలం పెట్టి, పక్కన అతనికి రావాల్సిన డబ్బు చెక్కు కూడా పెట్టండి. అతని దగ్గర ఒక చెల్లుచీటీ తీసుకోండి: "ఈ ఇంటి పనికి ఫలానా తేదీ వరకు నాకు రావాల్సింది మొత్తం ముట్టింది. చివరి 5 శాతం మాత్రం ఒప్పందం ప్రకారం వానాకాలం దాటాక తీసుకుంటాను. షాపులకు, కూలీలకు నా వైపు నుంచి బాకీ లేదు." తాళంచెవుల గుత్తి కూడా అప్పుడే చేతులు మారుతుంది.

ఈ రోజే మొదలుపెట్టండి. 200 పేజీల నోటు పుస్తకం ఒకటి కొని, మొదటి పేజీలో తేదీ వేసి, ఇప్పటిదాకా ఇచ్చింది, జరిగింది రాసి, ఆ ఫోటో మీ మేస్త్రికి పంపండి. "ఇందులో తేడా ఉంటే చెప్పండి మేస్త్రి గారూ" అని కింద రాయండి. పంపండి చాలు. మీ ఇంటికి మీరు వేసిన మొదటి గట్టి పునాది అదే అవుతుంది.